దండము ఆపుట

ఆదివారము ఉదయమున అబిడ్సు కాలిబాటలపై పాత పుస్తకములు పరచి అమ్ముదురు. పోటీపరీక్షల పుస్తకముల నడుమ అప్పుడప్పుడొక కరాటే పుస్తకము కనబడును. దానిని చేతబట్టిన బాలుడు మొట్టమొదట వెదకునది నంచాకు బొమ్మ: రెండు పొట్టి కర్రలు, నడుమ గొలుసో త్రాడో. 1972లో 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ', 1973లో 'ఎంటర్ ది డ్రాగన్' చిత్రములలో బ్రూస్ లీ దానిని త్రిప్పిన నాటినుండి ఆ మోజు పిల్లలను వదలలేదు.

మోజును మేము తప్పుపట్టము. కాని విద్య నంచాకుతో మొదలిడుట మాకు సమ్మతము కాదు. త్రిప్పినవాని మోచేతికి, తలకు అది తిరిగి తగులును. ఒకినావా ద్వీపపు ఆయుధవిద్యయైన కొబుదోలో తొలుత నేర్వదగినది బో. ఇంచుమించు 182 సెంటీమీటర్ల దండమది.

1609లో సత్సుమా సేనలు ర్యూక్యూ రాజ్యమును జయించి ఆయుధములు లాగుకొనగా రైతులు పనిముట్లనే ఆయుధములుగా మార్చుకొనిరని ఒక కథ కలదు. వినుటకు సొంపైనదే, కాని చరిత్రకారులు దాని నట్లే అంగీకరింపరు. విద్యను నిలిపినవారిలో పెచిన్ అను ఉద్యోగివర్గమువారును కలరు. సకుగవా పేర నొక దండక్రమము నేటికిని సాధనలో నున్నది. ఇరువదవ శతాబ్దమున ఇవి మరుగుపడుచుండగా తైరా షింకెన్ (1897-1970) పలు క్రమములను సేకరించి శిష్యుల కందించెను.

దసరాకు, పీర్ల పండుగకు కర్రసాము చూచిన శ్రోతలకు దండము క్రొత్తగాదు. అయితే కర్రసాములో కర్ర దేహము చుట్టు చక్రమై తిరిగి, దెబ్బ చొరకుండ కోట కట్టును. బో గురికడ ఆగవలెను. నాంపల్లిలో మేము దండము నేర్పుచుండగా కర్రసాము వచ్చిన యువకుడొకడు చేరెను. అతని వేగమునకు తక్కినవారు నివ్వెరపోయిరి. ఎదుటివాని భుజము ఎత్తున ఆపుమనగా, కొన మూరెడు దాటిపోయెను! వెనుకచేయి నడుమునకు లాగి బిగింపవలెను, ముందుచేయి దారి చూపవలెను, మడమ నేలను విడువరాదు. ఈ మూడును ఒక్క క్షణమున కుదురుటకు అతనికి మూడు నెలలు పట్టెను. కుదిరిన పిమ్మట అతని కర్రసాము కూడ చక్కబడెను. ఎక్కడనైనను నిలుపగలవాని త్రిప్పుటలో తొట్రుపాటుండదు.

అబిడ్సు పరిసరముల ఇరుకు ఇండ్లలో ఆరడుగుల కర్ర త్రిప్పిన పంకాయే ముందు విరుగును. కనుక మిద్దెమీదనో, తోటలోనో, చుట్టు రెండు బారల ఎడముంచుకొని సాధన చేయవలెను. నంచాకు కోరువారికి ఏడాది గడచిన పిమ్మట, దళసరి గుడ్డ చుట్టిన కర్రలతో మేము మొదలుపెట్టింతుము. అంతవరకు మన ఊళ్లలోని కర్రసాము గురువులకడకు పోయి త్రిప్పుట నేర్చుకొనుడని చెప్పుదుము. ఆ విద్య కడుగువారు తగ్గుచున్నారు. గురువులు పెద్దవారగుచున్నారు.