పిల్లల లెక్కలూ, మనమూ



సాయంత్రం పిల్ల లెక్కల పుస్తకం తెచ్చి ముందు పెడితే, "నాకేం తెలుసే, మీ నాన్నగారొచ్చాక అడుగు" అనేయడం మనలో చాలామందికి అలవాటు. పొయ్యిమీద పులుసు మరుగుతుంటే తీరికెక్కడిది, నిజమే. కాని ఆ మాట రోజూ వినే ఆడపిల్ల, లెక్కలు ఆడవాళ్ళకు వచ్చేవి కావని మెల్లగా నిశ్చయించుకుంటుంది. అందుకని ఇవాళ ఒక లెక్క చూద్దాం. మెట్రిక్ దాటని నేనే చెబుతున్నాను గనుక భయపడనక్కరలేదు.

"తల్లి వయస్సు కూతురి వయస్సుకు 3 రెట్లు. 12 ఏళ్ళ తరువాత 2 రెట్లే అవుతుంది. ఇప్పుడు ఎవరి వయస్సెంత?"

ముందు అమ్మాయిచేత పైకి చదివించండి. తెలియనిదేది? కూతురి వయస్సు. దాన్ని ఎక్స్ అనుకుందాం. బీజగణితమంటే తెలియనిదానికి ఓ పేరు పెట్టుకోవడమే. తల్లి 3ఎక్స్. 12 ఏళ్ళు గడిస్తే కూతురు ఎక్స్+12, తల్లి 3ఎక్స్+12. తల్లికి మాత్రమే కలిపి ఊరుకునే పిల్లలున్నారు. ఏళ్ళు ఇద్దరికీ గడుస్తాయి కదా!

అసలు చిక్కు ఇక్కడే. రెండు రెట్లన్నప్పుడు ఎక్స్‌నూ, ఆ 12నూ కూడా రెట్టింపు చేయాలి. అంటే 2ఎక్స్+24. బ్రాకెట్టు మరచిన పిల్ల 2ఎక్స్+12 అని రాస్తుంది. అప్పుడు ఎక్స్ విలువ 0 వస్తుంది. కూతురి వయస్సూ సున్నే, తల్లి వయస్సూ సున్నే! కోప్పడకండి. "ఈ తల్లికి ఎన్నేళ్ళే?" అని అడగండి చాలు, తనే నవ్వుకుని వెనక్కి వెళ్ళి చూసుకుంటుంది.

సరిగా రాస్తే 3ఎక్స్+12 = 2ఎక్స్+24. రెండు వైపుల నుంచీ 2ఎక్స్ తీసేయండి, 12 తీసేయండి. త్రాసులో రెండు పళ్ళాల నుంచీ సమంగా తీస్తే ముల్లు కదలదు, అలాగే. ఎక్స్ = 12. తల్లికి 36. మరో 12 ఏళ్ళకు 24, 48. సరిపోయింది. "అటునుంచి ఇటొస్తే గుర్తు మారుతుంది" అని బట్టీ పట్టించడం నాకు నచ్చదు. ఎందుకు మారుతుందో ఈ త్రాసే చెబుతుంది.

రేఖాగణితానికి బొమ్మ ముందు, సూత్రం తరువాత. 5 మీటర్ల నిచ్చెన, దాని కాలు గోడకు 3 మీటర్ల ఎడంగా ఉంది. ఎంత ఎత్తు అందుతుంది? బొమ్మ గీస్తే లంబకోణ త్రిభుజం, నిచ్చెనే కర్ణం. ఐదైదులు 25, మూడుమూళ్ళు 9, తీసివేస్తే 16. నాలుగునాలుగులు 16 గనుక ఎత్తు 4 మీటర్లు. మేస్త్రీ ఓ గోడవెంట 3 అడుగులు, రెండో గోడవెంట 4 అడుగులు కొలిచి, ఆ కొనల మధ్య 5 వచ్చిందా అని చూసేది కూడా ఈ లెక్కే. మీ గది మూలలో పిల్లచేత టేపు పెట్టించి కొలిపించండి. మూల వంకరైతే అదీ బయటపడుతుంది. ఇంటివారితో చెప్పాలా వద్దా అన్నది మీ ఇష్టం.