జేసన్ నవ్వు, జేసన్ ఏడుపు
(కార్యకర్తల శిక్షణా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



బాధితుల కథలు రికార్డు చేయడం గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పద్ధతుల గురించి చెప్పేవాళ్ళు మధ్యాహ్నం ఉన్నారు కనక నేను ఒక్క సినిమా గురించే మాట్లాడతాను.

షర్లీ క్లార్క్ అనే అమెరికన్ దర్శకురాలు తీసిన 'పోర్ట్రెయిట్ ఆఫ్ జేసన్' అనే డాక్యుమెంటరీ అది. 1966 డిసెంబరులో ఒక రాత్రి, న్యూయార్కు చెల్సియా హోటల్లో తనుండే ఇంట్లోనే, దాదాపు 12 గంటలపాటు తీసింది. మనకు మిగిలింది గంటా నలభై ఐదు నిమిషాలు. తెరమీద ఒక్కడే మనిషి, జేసన్ హాలిడే. నల్లజాతివాడు, స్వలింగ ప్రేమికుడు. ఆరన్ పేన్ అన్న పుట్టు పేరు వదిలేసి ఈ పేరు పెట్టుకున్నాడు. చేతిలో గ్లాసు పట్టుకుని, తెల్లవాళ్ళ ఇళ్ళలో పనివాడిగా చేసిన రోజులు, ఒళ్ళమ్ముకున్న రోజులు, తండ్రి కొట్టిన దెబ్బలు, ఎప్పటికైనా నైట్‌క్లబ్బులో సొంత ప్రదర్శన ఇవ్వాలన్న కోరిక, అన్నీ చెబుతాడు. చెబుతూ విరగబడి నవ్వుతాడు. మన బస్తీల్లో ఇళ్ళలో పనిచేసే స్త్రీలు అమ్మగారిని అనుకరించి నవ్వే నవ్వు తెలుసు కదా, అలాంటిదే. రీలు అయిపోయి తెర నల్లబడినా అతని గొంతు వినబడుతూనే ఉంటుంది. ఆ రోజుల్లో న్యూయార్కు రాష్ట్రంలో అతని ప్రేమ నేరం. ఆ చట్టాన్ని అక్కడి కోర్టు కొట్టేసింది 1980లో. అంటే అతను ఊరికే కబుర్లు చెప్పలేదు.

తెల్లవారుతున్నకొద్దీ కెమెరా వెనక గొంతులు మారతాయి. ఒకటి షర్లీది, ఇంకొకటి ఆమె సహచరుడు, నటుడు కార్ల్ లీది. ఆ కథ చెప్పు, ఈ కథ చెప్పు అని అడిగినవాళ్ళే నిలదీయడం మొదలుపెడతారు. నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టు లీ విరుచుకుపడతాడు. జేసన్ ఏడుస్తాడు. ఆ ఏడుపు నిజమా నటనా అని ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. ఏడ్చేదాకా ఎందుకు వదల్లేదన్నదే నా ప్రశ్న. షర్లీ మగవాళ్ళ సినిమా రంగంలో ఒంటరిగా పోరాడింది, నిజమే. కానీ ఆ గదిలో ఆమె డబ్బున్న ఇంట పుట్టిన తెల్ల స్త్రీ, కెమెరా ఆమెది. తమ గొంతుల్ని కత్తిరించకుండా ఉంచినందుకు మాత్రం ఆమెను గౌరవిస్తాను. మనం ఆపాటి కూడా చేయం.

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ళ కిందట, భర్త హింస భరించలేక బయటికొచ్చిన ఒక పెద్దామెను వీడియో తీశాం. పద్దెనిమిదేళ్ళప్పుడు నాటకాల బృందంతో లేచిపోయి ఊళ్ళు తిరిగిందట. కల్లు తాగి పాడిన పాటలు, పోలీసు పటేలును ఏమార్చిన వైనం, గంటన్నరసేపు లేచి నిలబడి ఆడి చూపించింది. మేం నవ్వుతూనే, "ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పు పెద్దమ్మా" అని అడుగుతూ వచ్చాం. మూడోసారికి ఏడ్చింది. హమ్మయ్య అనుకున్నాను. అవును, నేనే.

అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టముంది. ఏడిపించకూడదని లేదు.

మా సినిమాలో ఆ ఏడుపే మూడు నిమిషాలు ఉంచాం. ఊళ్ళో వేసి చూపించాక ఆమె నా చెయ్యి పట్టుకుని, "ఏం బిడ్డా, నేను నవ్వింది ఒక్కటి లేదేంది?" అంది. ఆఫీసులో మిగతాది ఉంది, తెచ్చి చూపిస్తానని మాటిచ్చాను.

జేసన్ సినిమాను 2013లో బాగుచేసి మళ్ళీ విడుదల చేశారు. నేను ఆఫీసుకొచ్చి వెతికితే, క్యాసెట్లు చాలక, దానిమీదే తర్వాతి నెల మా సమావేశం రికార్డు చేసి ఉంది.