చందాలతో విడిపించిన పనిముట్టు
(రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ మనగా నేమి? ఒక్కని సొమ్ముతో కొనలేని దానిని పదిమంది చందాలతో కొని, పదిమందికిని అందుబాటులో నుంచు ఏర్పాటు. 1914వ సంవత్సరమున బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము వెలసినది మొదలు తెలుగు పల్లెలలో ఈ యేర్పాటు విస్తరించుచు వచ్చినది. ఇంటింటికిని తిరిగి, అణాలు బేడలు కూర్చి, పెట్టెడు పుస్తకములతో ప్రారంభించిన గ్రంథాలయము లెన్నియో కలవు. పుస్తకముల విషయమున జరిగినట్టి కార్యమే, చలనచిత్రములను తయారుచేయు పనిముట్టు విషయమునను హాలెండు దేశమున జరిగినది. ఆ వృత్తాంతము గ్రంథాలయ సభ్యులకు తెలియదగినది.

నేడు పాటను పట్టుటకును, చిత్రమును కూర్చుటకును కంప్యూటరు ముఖ్యసాధనము. కాని కంప్యూటరున్నంత మాత్రమున చాలదు. పొయ్యి యున్నను గిన్నె, గరిటె లేనిదే వంట సాగనట్లు, అందు పనిచేయు ప్రోగ్రాములు కావలెను. వీనిలో పెక్కింటిని కంపెనీలు అమ్ముచున్నవి. కొన్నింటికి నెలనెలా, ఏటేటా అద్దె చెల్లింపవలెను. అద్దె ఆగిననాడు పనిముట్టు చేజారును. అమ్మిన కంపెనీయే మూతపడినచో, డబ్బు చెల్లించినవానికిని దిక్కుండదు.

సరిగా ఇట్టి ఆపదయే బ్లెండరు అను ప్రోగ్రామునకు వచ్చినది. కంప్యూటరులోనే బొమ్మను మలచి, రంగులద్ది, వెలుగు నీడలు కూర్చి, నడిపించి, సినిమాగా చేయుటకు ఇది సాధనము. హాలెండు వాసియైన టాన్ రోసెండాల్ 1990వ దశకమున తన చిత్రనిర్మాణశాల యవసరములకై దీనిని రూపొందించెను. తరువాత దీని నాధారముగా గొని యొక కంపెనీ యేర్పడినది. వ్యాపారము సాగలేదు. 2002లో పెట్టుబడిదారులు దానిని మూసివేసిరి. ప్రోగ్రాముపై హక్కులు వారియొద్దనే చిక్కుకొన్నవి. దానితో పని నేర్చి, చిత్రములు గీచుచున్న వేలమంది చేతులు కట్టుపడినట్లయ్యెను.

రోసెండాల్ నిరాశ చెందలేదు. లాభాపేక్షలేని సంస్థ నొకదానిని నెలకొల్పి, హక్కుదారులతో బేరమాడెను. లక్ష యూరోలు చెల్లించినచో ప్రోగ్రామును విడిచిపెట్టుటకు వారంగీకరించిరి. ఆ సొమ్ము ఏ యొక్క ధనికుడును ఇచ్చినది కాదు. లోకమందలి నానాదేశముల వాడుకరులు తమకు తోచినంత చందాగా పంపిరి. ఏడు వారములలో లక్ష యూరోలు పోగయ్యెను! 2002 అక్టోబరు 13వ తేదీన బ్లెండరు సర్వజనుల సొత్తయ్యెను.

సర్వజనుల సొత్తనగా ధర లేనిదని మాత్రమే కాదు. అమెరికా దేశీయుడగు రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో రచించిన జి.పి.ఎల్. అను అనుమతి పత్రము క్రింద దానిని విడుదల చేసిరి. దాని ప్రకారము ఎవరైనను ఆ ప్రోగ్రామును ఏ పనికైనను వాడవచ్చును, లోపలి రచనను చదివి నేర్చుకొనవచ్చును, పరులకు పంచవచ్చును, మార్చుకొనవచ్చును. మార్చి పంచువాడు మాత్రము తాను పొందిన హక్కులనే ఇతరులకును ఈయవలెను. పదిమంది సొమ్మునకు మరల తాళము వేయుట కెవరికిని అధికారము లేదు.

దీని ఫలితమేమి? 2006లో రోసెండాల్ సంస్థ సుమారు పదకొండు నిమిషముల ‘ఎలిఫెంట్స్ డ్రీమ్’ అను చిత్రమును తీసి, అందలి బొమ్మల మూలములను సైతము అందరికిని పంచిపెట్టెను. 2024లో లాత్వియా అను చిన్నదేశపు యువకుడు గింట్స్ జిల్బలోడిస్ ‘ఫ్లో’ అను చిత్రమును బ్లెండరుతోనే తీసెను. వరదలో చిక్కిన పిల్లి కథ. అందు మాట యొక్కటియు లేదు. 2025లో అది ఉత్తమ యానిమేషను చిత్రముగా ఆస్కారు బహుమానము నందినది. ఆ దేశమునకు అదియే తొలి ఆస్కారు.

చిత్రమునకు బ్లెండరు వలెనే, ధ్వనికి ఆడాసిటీ అను ప్రోగ్రాము కలదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున 1999లో ఆరంభింపబడి, 2000లో వెలువడినది. ఇదియు ఉచితమే. సామాన్యమైన కంప్యూటరు, ఒక మైకు ఉన్న చాలును. ధ్వనిని సెకనునకు 44,100 మారులు కొలిచి అంకెలుగా వ్రాసికొనుట దీని పద్ధతి. పాడువారు గొంతెత్తుటకు ముందు అయిదారు సెకనులు అందరును మౌనముగా నుండవలెను. ఆ మౌనములో వినబడు పంకా మ్రోతను ఎంచి చూపినచో, పాట పొడవునను ఆ మ్రోతను ప్రోగ్రాము తగ్గించును. అతిగా తగ్గించిన గొంతు రేకుడబ్బా మ్రోతవలె నగును. పంకా ఆపుటయే మేలు. మూలప్రతిని వేవ్ గాని, ఫ్లాక్ గాని అను రూపమున దాచవలెను; ఎమ్‌పి3 రూపమున కొంత ధ్వని నష్టమగును. ప్రతులు రెండు, రెండు తావుల నుంచుట క్షేమము.

ఉచితమన్న మాటను అపార్థము చేసికొనరాదు. పనిముట్టు ఉచితము, పరుల పాట ఉచితము కాదు. మన దేశ చట్టము ననుసరించి రచయిత జీవితకాలమును, తదుపరి అరువది యేండ్లును రచనకు హక్కు కలదు. పాడిన వారి అనుమతి లేక వారి గొంతును పంచుటయు న్యాయము కాదు. ఈ ప్రోగ్రాములను వాని స్వంత తావులనుండియే తెచ్చుకొనవలెను. ఉచితమైన దానిని అమ్మజూపు వారిని నమ్మరాదు. నేర్చుటకు ఓపికయు కావలెను.

తిరుగలి పాటలు, ఊడుపుల పాటలు, పెండ్లి పాటలు కంఠస్థముగా గల ముదుసలులు ప్రతి గ్రామమునను ఇంకను కొందరున్నారు. ఆ పాటలలో పెక్కింటికి పుస్తకము లేదు. ఆ అవ్వ కన్నుమూసిననాడు బీరువాలో వెదకినను అవి దొరకవు. పట్టణమునుండి ఎవరో వచ్చి పట్టుకొనిపోవుదురని కాచుకొన నక్కరలేదు. పనిముట్టు సిద్ధముగా నున్నది. దానికి ధర లేదు. గ్రంథాలయమున ఒక మూల నొక కంప్యూటరును, మైకును ఉంచి, ఇద్దరు యువకులు పని నేర్చినచో, ఆ గొంతులును గ్రంథములవలెనే ఇందు నిలుచును.

పుస్తకమును ఒకరు తీసికొనిపోయిన బీరువాలో చోటు ఖాళీయగును. ఈ పనిముట్టును ఎందరు తీసికొనిపోయినను తరుగులేదు. ఇరువదియైదేండ్లు అక్షరమును కాపాడిన గ్రంథాలయము, ఇకపై ఊరి గొంతును సైతము కాపాడు గాక!