దూరదర్శిని – చుక్కల యెఱుక



దర్పణమును కటకమును గూడిన దూరదర్శినిని నిర్మించినవారిలో ఒకడు బెర్న్‌హార్డ్ ష్మిట్. బాల్యమున తుపాకిమందు ప్రేలి కుడిచేయి పోయినను, ఒంటిచేతితో గాజును సానబట్టి, గోళాకార దర్పణము వలని బింబదోషమును పలుచని కటకముచే సవరించి, 1930లో హాంబర్గున నూతన యంత్రమును నిర్మించెను. ఆ కటకమునే గ్రహించి 1970లో అమెరికాలోని సెలెస్ట్రాన్ సంస్థ ఎనిమిది అంగుళముల దూరదర్శినిని విక్రయించెను. కాంతి లోపల మడతపడుటచే రెండు మీటర్ల నాభ్యంతరము మూరెడు గొట్టమున నిమిడినది.

పిదప కంప్యూటరు చేరినది. మీట నొక్కిన చాలు, వేలకొలది ఖగోళవస్తువులలో కోరినదానివైపు తానే తిరుగును. అయినను ఇది అనుభవజ్ఞులకే తగునందురు, అది యుక్తమే. పెక్కు యంత్రములలో, మొదట తెలిసిన చుక్కను మనుజుడే చూపవలెను. స్వాతి యని చిత్తను జూపినచో, తొలి పద్దు తప్పిన చిట్టావలె తుదివరకు తప్పే. సప్తర్షుల తోక వంపు వెంట చూపు సాగించిన, మొదట గానవచ్చు నారింజవన్నె చుక్క స్వాతి. ఇంకను సాగించిన, తెల్లనిది చిత్త.