బట్టల డ్రయ్యరు: గాలి దారి మూసుకుపోనివ్వకండి
(రోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చిన ఆరోగ్య ప్రసంగ పాఠం)



ఇంట్లో ఒకరు జబ్బు పడితే ఉతికే బట్టలు రెట్టింపవుతాయని మీకు తెలుసు. దుప్పట్లు, తువ్వాళ్ళు రోజూ మార్చాలి. వానాకాలంలో అవి ఒక పట్టాన ఆరవు. అందుకే బీరంగూడ, అమీన్‌పూర్, రామచంద్రాపురం అపార్టుమెంట్లలో కొందరు బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు కొంటున్నారు. అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్ళు ఉండి వచ్చే తల్లిదండ్రులకు అది రోజూ వాడే వస్తువే. మంచి యంత్రమే. కాని దాని గాలి దారి మూసుకుపోతే నిప్పు పుడుతుంది.

ముందు ఒక తేడా గమనించండి. సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషిన్‌లో రెండో తొట్టిని కూడా మనం డ్రయ్యరు అనే అంటాం. అది బట్టలను గిరగిరా తిప్పి నీళ్ళు పిండుతుంది, అంతే. అందులో వేడి లేదు. నేను చెప్పేది వేడి గాలితో బట్టలు ఆరబెట్టే యంత్రం గురించి.

ఆ వేడి గాలి బట్టల్లోని తడిని, వాటి నుండి రాలే సన్నని నూగును తీసుకుని బయటకు పోతుంది. నూగు కొంత ఫిల్టరులో ఆగుతుంది. మిగిలినది గొట్టంలో, యంత్రం లోపల పేరుకుంటుంది. గాలి పోయే దారి ఇరుకైన కొద్దీ లోపల వేడి పెరుగుతుంది. ఒక పక్క వేడి, మరో పక్క ఎండిన నూగు. నిప్పు పుట్టడానికి ఇంకేం కావాలి?

నూగు దూదిలా మెత్తగా, అమాయకంగా కనిపిస్తుంది. నూలు బట్టల నూగు నిజంగా దూదే, అంటే సెల్యులోజ్. 2025 జూన్ 30న మన పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగి 50 మందికి పైగా చనిపోయారు. ఆ ఫ్యాక్టరీలో తయారయ్యేది మందుబిళ్ళల్లో కలిపే సెల్యులోజ్ పొడి. ఆ ప్రమాదానికి కారణాలు, బాధ్యులు ఎవరన్నది ఇక్కడ మన విషయం కాదు. ఫ్యాక్టరీకీ ఇంటికీ పోలిక కూడా లేదు. కాని ఎండిన సన్నని పీచు, పొడి ఎంత త్వరగా అంటుకుంటాయో ఈ ప్రాంతం వారికి వేరే చెప్పనక్కరలేదు.

అమెరికా అగ్నిమాపక శాఖ 2008 నుండి 2010 వరకు లెక్కలు చూసి, అక్కడి ఇళ్ళలో ఏటా సుమారు 2,900 డ్రయ్యరు అగ్నిప్రమాదాలు జరిగాయని తెలిపింది. వాటికి అన్నిటికంటే పెద్ద కారణం శుభ్రం చేయకపోవడమే. అంటే చాలావరకు ఇది మన చేతిలో ఉన్న పని.

మీరు చేయవలసినవి:

1. బట్టలు వేసిన ప్రతిసారీ ఫిల్టరులోని నూగు తీసివేయండి. ఫిల్టరు లేకుండా, చిరిగిన ఫిల్టరుతో యంత్రం నడపకండి.

2. గొట్టం ఉన్న యంత్రమైతే కనీసం ఏడాదికి ఒకసారి ప్లగ్గు తీసి, గొట్టం విప్పించి శుభ్రం చేయించండి. యంత్రం వెనుక, కింద కూడా ఊడ్చండి.

3. ప్లాస్టిక్ గొట్టం వాడకండి. గట్టి లోహపు గొట్టం మంచిది. అది పొట్టిగా, వంపులు తక్కువగా ఉండాలి.

4. పావురాలు, దోమలు వస్తాయని గొట్టం చివర జాలీ కట్టకండి. నూగంతా జాలీకే పట్టుకుంటుంది. గాలి వచ్చినప్పుడు తెరుచుకుని, ఆగినప్పుడు మూసుకునే రెక్క మూత బిగించండి. పిట్ట గూడు పెట్టిందేమో అప్పుడప్పుడు చూడండి.

5. గొట్టాన్ని గదిలోకి వదలకండి. ఆ తడికి గోడలు బూజు పడతాయి. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం పెరుగుతుంది. అమెరికాలో గ్యాసుతో నడిచే డ్రయ్యర్లు కూడా ఉన్నాయి. వాటి గాలి ఇంట్లోకి వస్తే ప్రాణాలకే ముప్పు.

6. గొట్టం లేని యంత్రాలకు కూడా ఫిల్టర్లు ఉంటాయి. వాటితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నట్లు శుభ్రం చేయండి.

7. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించకండి. అందరూ నిద్రపోయేటప్పుడు, ఇంటికి తాళం వేసి ఆసుపత్రికి వచ్చేటప్పుడు నడపకండి.

రోగి ఉన్న ఇంట్లో ఇంకొక జాగ్రత్త. నొప్పులకు నువ్వుల నూనె రాసి తుడిచిన తువ్వాళ్ళు, వంటనూనె అంటిన గుడ్డలు ఉతికినా నూనె పూర్తిగా పోదు. వేడి వేడిగా కుప్ప వేస్తే వాటంతట అవే రాజుకోవచ్చు. డ్యూటీ నుండి వచ్చినవారి బట్టలకు మెషిన్ ఆయిల్, పెట్రోలు, థిన్నరు అంటి ఉండవచ్చు. ఇలాంటివేవీ డ్రయ్యరులో వేయకండి. తీగ మీద గాలికి ఆరవేయండి.

ప్రమాదం ముందుగానే చెబుతుంది. ఒక గంటలో ఆరే బట్టలు రెండు గంటలైనా ఆరకపోవడం, యంత్రం చేయి పెట్టలేనంత కాలడం, మాడు వాసన, బయట రెక్క తెరుచుకోకపోవడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపి, మెకానిక్‌ను పిలవండి.

మంట వస్తే డ్రయ్యరు తలుపు తెరవకండి. గాలి తగిలితే మంట పెరుగుతుంది. దగ్గరకు వెళ్ళకుండా వీలైతేనే మెయిన్ ఆపండి. నడవలేని రోగిని, పిల్లలను ముందు బయటికి తీసుకురండి. ఆ గది తలుపు మూసి 101కి ఫోను చేయండి. ఒళ్ళు కాలితే 20 నిమిషాలు కుళాయి నీళ్ళు పోయండి. టూత్‌పేస్టు, ఇంకు, కాఫీపొడి పూయకండి. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకురండి.

ఫిల్టరు తీసి నూగు దులపడానికి ఒక్క నిమిషం చాలు. మీ రోగి కోలుకుని క్షేమంగా ఉన్న ఇంటికే తిరిగి రావాలని మా ప్రార్థన. దేవుడు మిమ్మును దీవించును గాక.