పత్తి వెంకయ్యగారే జెండా వెంకయ్యగారు

ఒక మనుష్యునకు లోకము సాధారణముగా ఒక్క పేరే పెట్టును. 1876 ఆగష్టు 2వ తేదీన కృష్ణా మండలము భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్యగారికి మాత్రము ఒకదానిపై నొకటిగా నాలుగు పేర్లు పెట్టినది. పత్తి పండించినందున పత్తి వెంకయ్య. జపాను భాష నేర్చినందున జపాను వెంకయ్య. వజ్రములను గూర్చి పరిశోధించినందున డైమండు వెంకయ్య. తుదకు జెండా వెంకయ్య. ఈ చివరి పేరే నిలిచినది. నేను బందరువాడను గనుక ఆ పేరు చిన్ననాటినుండి వినుచునే యున్నాను. కాని వయసు వచ్చినకొలది, ఆ జెండాకంటె దాని వెనుకనున్న చాకిరియే నాకు గొప్పదిగా తోచుచున్నది. దానిని గూర్చియే నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

వెంకయ్యగారు దివిసీమ ముంగిటనున్న చల్లపల్లిలోను, పిమ్మట బందరులోను చదువుకొనిరి. యౌవనమున సైన్యములో చేరి, బోయరు యుద్ధమునకు దక్షిణాఫ్రికా వెళ్లిరి. గాంధీగారి పరిచయము అక్కడనే కలిగెను. తిరిగివచ్చిన సిపాయి విశ్రాంతి కోరలేదు. రైల్వేలో గార్డుగా పనిచేసిరి. ప్లేగు నివారణోద్యోగము చేసిరి. మునగాల పరగణాలో కంబోడియా పత్తిని సాగుచేసి, దాని గుణదోషములను పరిశీలించిరి.

1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యగారలు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. పుస్తకవిద్యతోపాటు చేతిపనియు నేర్పవలెనని వారి సంకల్పము. అట్టి చోటికి వెంకయ్యగారివంటి ఉపాధ్యాయుడు దొరకుట విశేషమే. ఆయన అచట వ్యవసాయమును, చరిత్రను బోధించుటయే గాక, పిల్లలకు గుర్రపుస్వారియు, కవాతును నేర్పిరి. యుద్ధభూమిలో నేర్చినదానిని బడిపిల్లలకు పంచిపెట్టిరన్నమాట.

ఆ కాలముననే ఆయన మనస్సును జెండా పట్టుకొన్నది. అన్యదేశముల పతాకముల చరిత్రను సేకరించి, మన దేశమునకు తగిన నమూనాలను గీచి, 1916లో ఒక చిన్న పుస్తకమును ప్రకటించిరి. కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడెల్ల అచటికి పోయి, పెద్దలకు చూపి, నచ్చజెప్పజూచిరి. ఆయన పట్టుదలను మెచ్చితినే గాని, ఆ నమూనాలు తన్ను కదిలింపలేదని గాంధీగారే తరువాత వ్రాసిరి. నాటి నిరాదరణకు మరియొకడైనచో కాగితములు కట్టగట్టి అటుకమీద పెట్టియుండును. వెంకయ్యగారు పెట్టలేదు.

1921లో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనది. బందరునుండి గుడివాడ మీదుగా రైలెక్కినచో బెజవాడ మనకు పొరుగూరే. ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నముండునట్లు జెండా వ్రాసి యిమ్మని గాంధీగారు అడిగిరి. జెండాలో రాట్నముండవలెనన్న సూచన జలంధరమునకు చెందిన లాలా హంసరాజుగారిది. వెంకయ్యగారు మూడు గంటలలో వ్రాసి యిచ్చిరి. అయినను కొంచెము ఆలస్యమై అది సభముందుకు రాలేదు. ఆ ఆలస్యమే మేలు చేసినది. ఆలోచింపగా, తక్కిన మతములవారికి గుర్తుగా తెలుపుకూడ ఉండవలెనని గాంధీగారికి తోచెను.

మూడు గంటల పని యని మనము అబ్బురపడుదుము. నా మనవి యేమనగా, అది మూడు గంటల పని కాదు. ఏండ్ల తరబడి దున్నిన పొలములో ఆనాడు పంట చేతికి వచ్చినది.

ఇంకొక మాట. నేడెగురు జెండా అచ్చముగా ఆయన గీచినదే యనుట సరికాదు. 1931లో కాషాయము వచ్చి రంగుల వరుస మారెను. 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదించినప్పుడు రాట్నపుచోట అశోకచక్రము నిలిచెను. ఇది చెప్పుట ఆయనను తగ్గించుట కాదు. తన గీతను పదిమంది దిద్దగా, ఇది నాదియని పట్టుపట్టక దేశమునకు వదలివేయుటే ఆయన ఔదార్యము. పునాది తీసినవాడు గోపురముమీద తన పేరు చెక్కుమని అడుగలేదు.

ధనమును కూడబెట్టలేదు. చరమదశ లేమిలో గడచెను. 1963 జూలై 4న విజయవాడలో కన్నుమూసిరి. తపాలాబిళ్ల 2009లో గాని రాలేదు.

చిరకాలము మన జాతీయపతాకము చేతితో వడికి, చేతితో నేసిన బట్టతోనే చేయవలెనను నియమముండెను. 2021 డిసెంబరులో అది సడలి, మరబట్టకును, పాలియెస్టరుకును అనుమతి వచ్చినది. జెండాలు చౌకయై ప్రతి యింటికిని చేరుట మంచిదే. కాని దానితోపాటు, జెండా యనగా పత్తి, దారము, మగ్గము, మానవుని చెమట యన్న తలంపు మాయమైనచో మనకు నష్టము. పత్తి వెంకయ్యగారే జెండా వెంకయ్యగారగుట యాదృచ్ఛికము కాదని నేను నమ్ముదును. రాబోవు స్వాతంత్ర్యదినమున మన కృష్ణాతీరపు బడులలో జెండా ఎత్తునపుడు, మిఠాయి పంచుటకు ముందు, ఈ సంగతిని పిల్లలకు ఒక్క నిమిషము చెప్పుడని ఉపాధ్యాయులను వేడుకొనుచున్నాను.