నల్లగ్రుడ్డుపై క్రొత్త పొర



పుస్తకము తెరచువానికి తొలి నేస్తము కన్ను. కావున గ్రంథాలయ రజతోత్సవమున కంటిని గూర్చి రెండు మాటలు చెప్పుట సముచితమే.

నల్లగ్రుడ్డుమీద గడియారపు అద్దమువలె నమరియుండు పొరను వైద్యులు కార్నియా యందురు. దాని మందము నడుమ సుమారు అర మిల్లీమీటరు. అందు రక్తనాళములు లేవు. అది స్వచ్ఛముగా నుండి వెలుగును లోనికి బోనిచ్చును. దాని పైపొర కణములు నిత్యము రాలిపోవుచుండును. వానికి మారుగా క్రొత్తవానిని బుట్టించు మూలకణములు నలుపు తెలుపులు కలియు అంచున నుండును.

సున్నము కంటబడినచో ఆ యంచు కాలిపోవచ్చును. మూలకణములు నశించినచో తెల్లగ్రుడ్డుమీది పొర రక్తనాళములతో గూడ నల్లగ్రుడ్డుపైకి ప్రాకి చూపును గప్పివేయును. 1905లో ఎడ్వర్డ్ జిర్మ్ అను వైద్యుడు సున్నముచే చూపు గోలుపోయిన కూలివానికి కార్నియా మార్చగా ఒక కన్ను నిలిచెను. కాని అంచు పూర్తిగా కాలిన కంటికి దాత యిచ్చిన కార్నియా మాత్రము చాలదు. అది ఊట యెండిన బావిలో కడవతో నీరు పోయుట వంటిది.

ఆ యూటను మరల బుట్టించు ఉపాయము ప్రయోగశాలలో దొరకెను. 1997లో ఇటలీ శాస్త్రజ్ఞులు పెల్లెగ్రినీ, డి లూకా ప్రభృతులు రోగుల మంచి కంటి యంచునుండి చిన్న ముక్క దీసి, కణములను బెంచి, చెడిన కంటిపై నమర్చిన వృత్తాంతమును ప్రకటించిరి. చలనచిత్ర నిర్మాత ఎల్.వి. ప్రసాద్ పేర హైదరాబాదున 1987లో వెలసిన నేత్రవైద్య సంస్థ 2001 నుండి ఈ చికిత్స సాగించెను. గర్భమున శిశువును గప్పియుండు ఉల్బపు పొరయే అచట కణములకు నారుమడి. రెండు వారములలో పొర సిద్ధమగును. తన కణములే యగుటచే రోగి శరీరము వానిని దిరస్కరింపదు.

అయితే అట్టి ప్రయోగశాల యెల్లెడల నుండదు, వ్యయమును హెచ్చు. అందుచే ఆ సంస్థలోనే విరేందర్ సంగ్వాన్ ప్రభృతులు, ముక్కను తునుకలు చేసి కంటిపై పరచిన ఉల్బముమీదనే యతికించు సులభ పద్ధతిని 2012లో ప్రకటించిరి. అందు కన్నే ప్రయోగశాల!

జపానున కినోషితా బృందము దాతల కార్నియా లోపొర కణములను బెంచి, 11 మంది కన్నులలోనికి సూదితో నెక్కించి, ఫలితములను 2018లో వెల్లడించెను.

శాస్త్రము ఎంత పెరిగినను ఈ చికిత్సలకు విత్తనము మనుష్యుని కన్నే. కావున నేత్రదానము నేటికిని అవసరము. మరణించిన ఆరు గంటలలోపున అది జరుగవలెను. అంతకు మున్ను సున్నపుకాయను పిల్లల కందకుండ నుంచుట ప్రతి గృహస్థుని విధి. పొరపాటున కంటబడినచో వెంటనే ధారాళముగా మంచినీట కడిగి వైద్యుని కడకు గొనిపోవలెను. కాలిన కంటికి వైద్యము కలదు. కాలనీయకుండుట అంతకంటె మేలు.